పెండ్లి లెక్క

చదువవలసిన లేఖన భాగములు: లూకా 14:25-33, యోహాను 2:1-11, రోమా 13:7-8, అపొ. కార్యములు 5:1-11, 18:1-3



మిరప కోతలు ముగిసి, కాయలు యార్డుకు చేరి, నాలుగు రూకలు చేతికి వచ్చు నెలలలో మన పల్లెలలో పెండ్లి మాటలు మొదలగును. ప్రతి సంవత్సరము ఆ కాలములో తండ్రులు నా యొద్దకు వచ్చి ప్రకటనల కాగితము వ్రాయించుకొని పోవుచుందురు. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు, వయస్సు, బాప్తిస్మము పొందిన తేదీ, ఇవన్నియు నేను అడిగి వ్రాసికొందును. చాల సంవత్సరముల వరకు ఒక్క ప్రశ్న మాత్రము అడుగలేదు. ఈ పెండ్లికి ఎంత ఖర్చు కానున్నది, ఆ రొక్కము ఎక్కడిది అను ప్రశ్న అది. అది ఇంటివారి సంగతి, పాదిరి కల్పించుకొనదగినది కాదని తలంచితిని. ఆ తలంపు తప్పని నాకు ఎట్లు తెలిసెనో మొదట చెప్పి, తరువాత వాక్యమునకు వచ్చెదను.

మా సంఘములో రెండెకరముల రైతు ఒకడు కలడు. ఆదివార ఆరాధనకు అందరికంటె ముందు వచ్చి చాపలు పరచువాడు అతడే. పెద్ద కుమార్తెకు పట్టణములో ఉద్యోగము చేయువాని సంబంధము కుదిరెను. అబ్బాయి తరపువారు కట్నమని నోట అనలేదు. "మా మర్యాదకు తగ్గట్టు చెయ్యండి" అని మాత్రము అనిరి. ఈ మాట కట్నము కంటె బరువైనది. ఏలయనగా కట్నమునకు ఒక అంకె యుండును, మర్యాదకు అంకె లేదు. మర్యాద కొరకు పట్టణములో ఫంక్షన్ హాలు కుదుర్చుకొనిరి. హాలునకు తగినట్లు అలంకరణ, అలంకరణకు తగినట్లు భోజనము, భోజనమునకు తగినట్లు పిలుపులు పెరిగినవి. రోడ్డు ప్రక్కన వధూవరుల బొమ్మలతో నాలుగు ఫ్లెక్సీలు లేచినవి. 3 లక్షలలో ముగించవలెనని మొదలుపెట్టిన పెండ్లి 6 లక్షలకు చేరెను. తక్కువపడిన 3 లక్షలను ప్రాంసరీ నోటు మీద నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చెను. ఇచ్చినవాడు మన సంఘస్థుడే.

నూటికి 2 రూపాయలు అనగా వినుటకు చిన్న మాటగా నుండును. అది నెల వడ్డీ అని మరువకుడి. 3 లక్షలకు నెలకు 6,000 రూపాయలు, సంవత్సరమునకు 72,000, మూడు సంవత్సరములకు 2,16,000. 2021లో నల్ల తామరపురుగు మన ప్రాంతపు మిరప తోటలను ఎట్లు పాడుచేసెనో మీరెరుగుదురు. ఆ యేట అతనికి పెట్టుబడియైనను తిరిగి రాలేదు. నోటుకు మూడేండ్లు నిండినయెడల కాలదోషము పట్టును గనుక, గడువు లోపల వడ్డీని అసలులో కలిపి 5,16,000 రూపాయలకు క్రొత్త నోటు వ్రాయించుకొనిరి. మరుసటి సంవత్సరము ఒక ఎకరము అమ్ముడుపోయెను. పాడి గేదెలును పోయినవి.

అతడు ఆదివారము వచ్చుట మానెను. నేను రెండు మూడు పర్యాయములు ఇంటికి వెళ్లి అడిగితిని. ఒంట్లో బాగుండలేదని చెప్పెను. అసలు సంగతి ఏమనగా, అప్పిచ్చినవాడు కూర్చుండు వరుసలోనే ఇతడును కూర్చుండవలెను. అతని ముఖము చూచుచు ప్రభువు బల్లయొద్దకు రాలేకపోయెను. పెండ్లి నాడు ఒక మేజామీద భుజించిన ఇద్దరు ప్రభువు మేజామీద కలిసి భుజింపలేకపోయిరి.

ఆ కుమార్తె క్రిస్మసుకు పుట్టింటికి వచ్చి, ఖాళీగానున్న గేదెల పాకను చూచి, తల్లిని గ్రుచ్చి గ్రుచ్చి అడిగి సంగతి తెలిసికొనెను. సాయంకాలము మా ఇంటికి వచ్చి కన్నీళ్లతో ఆమె చెప్పిన మాట నేను మరువలేదు. "అయ్యగారూ, నన్నొక్క మాట అడిగుంటే ఆ హాలు నాకొద్దని చెప్పేదాన్ని. మా ఆయన కూడా వద్దనేవాడే. మమ్మల్ని ఎవరడిగారు?" అనెను.

నేనును అడుగలేదు. ఆ విందు నేనును భుజించితిని. ఏర్పాట్లు ఘనముగా చేసిరని, దేవుడు ఈ కుటుంబమును ఎంతగా దీవించెనో చూడుడని మైకులో చెప్పినవాడను నేనే.

ఇక వాక్యమునకు వచ్చెదము. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు ఈ రెండు పనులను జతచేసి చెప్పుదురు. మన ప్రభువు లూకా 14వ అధ్యాయములో చెప్పిన ఉపమానము కూడ కట్టడమును గూర్చినదే. గోపురము కట్టగోరినవాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనునని, అట్లు చేయనివాడు పునాది వేసి ముగింపలేక చూచువారి నవ్వులపాలగునని ఆయన చెప్పెను. ప్రభువు ఈ మాట పెండ్లిని గూర్చి చెప్పలేదు. తన్ను వెంబడించుటలోని వెలను గూర్చి చెప్పెను. కావున దీనిని లాగి పెండ్లి వాక్యముగా మార్చుట నాకు ఇష్టము లేదు. అయినను ఒక సంగతి గమనించుడి. లెక్క చూడకుండ కట్టుట అవివేకమని వినువారందరు వెంటనే ఒప్పుకొందురని ఆయనకు తెలియును. అందుచేతనే దానిని సాదృశ్యముగా తీసికొనెను. మనమో, గోపురము విషయములో ఒప్పుకొందుము గాని పెండ్లి విషయములో ఒప్పుకొనము. పెండ్లియొద్ద లెక్క చూచుట పిసినారితనమని, లెక్కలేనితనమే ప్రేమయని అనుకొందుము. "ఒక్కసారే గదా, ఒక్క కూతురే గదా" అని అందుము. ముగ్గురు కూతుళ్లు గలవారును ప్రతి పర్యాయము అదే మాట అందురు.

ఆ ఉపమానములో కూర్చుండుట అను మాట నాకు ముఖ్యముగా తోచుచున్నది. నిలువబడి, బజారులో, బట్టల కొట్టులో చీర చేతపట్టుకొని లెక్క చూచువాడు లెక్క చూడడు. పని మొదలు కాకముందు, అడ్వాన్సు ఇయ్యకముందు, కూర్చుండవలెను.

మరి ఎవరు కూర్చుండవలెను? మన ఆచారము ప్రకారము ఇరువైపుల పెద్దలు కూర్చుందురు. పెండ్లికుమారుడు బయట స్నేహితులతో నుండును, పెండ్లికుమార్తె లోపలి గదిలో నుండును. పెద్దలు ఉండవలసినదే. వారి అనుభవము లేక పెండ్లి జరుగదు. గాని పెండ్లి మరునాడు మొదలుకొని ఆ అప్పుతో, ఆ మనస్తాపముతో కాపురము చేయవలసినది ఆ ఇద్దరే. కనుక ప్రధానము జరిగిన తరువాత, మొదటి ప్రకటన చదువకముందు, అబ్బాయియు అమ్మాయియు ఒక పూట కలిసి కూర్చుండి లెక్క వ్రాసికొనవలెనని నేను ఇప్పుడు అడుగుచున్నాను. ఇరువైపుల తల్లిదండ్రులలో ఒక్కొక్కరు దగ్గర నుండవచ్చును. మా ఇంటి వసారాలో అయినను కూర్చుండవచ్చును, మా అమ్మగారు కాఫీ ఇచ్చును. పెండ్లికి ముందు ఆడపిల్ల డబ్బు మాట ఎత్తుట సిగ్గుగాదా అని ఒక పెద్దమ్మ నన్ను అడిగెను. పెండ్లి తరువాత ఆ పిల్ల అప్పులవాని ముందర నిలువబడుట అంతకంటె సిగ్గు అని చెప్పితిని. ఆమె ఒప్పుకొన్నట్లు కనబడలేదు.

అపొస్తలుల కార్యములలో రెండు జంటలు ఉన్నవి. ఒకటి అననీయ సప్పీరాలు. భార్యాభర్తలు ఇద్దరును డబ్బు విషయములో ఏకమైరి గాని, ఉన్నది ఒకటి చూపినది ఒకటి. పొలము అమ్మిన వెలలో కొంత దాచి, అంతయు తెచ్చినట్లు సంఘము ఎదుట కనబడగోరిరి. కొంత దాచుకొనుట వారి తప్పు కాదు. ఆ పొలము వారిదే, రొక్కము వారి స్వాధీనములోనే యుండెనని పేతురే చెప్పెను. లేనిదానిని ఉన్నట్లు చూపుట తప్పు. అప్పు తెచ్చి చేసిన వైభవము కూడ లేనిదానిని ఉన్నట్లు చూపుటయే గదా అని తలంచినప్పుడు నాకు భయము కలుగును. రెండవ జంట అకుల ప్రిస్కిల్లలు. వారు డేరాలు కుట్టుకొని బ్రదుకువారు. ఇద్దరు కలిసి పనిచేసిరి, ఇద్దరు కలిసి పౌలును చేర్చుకొనిరి. లేఖనములో వారిలో ఒకరి పేరు రెండవవారి పేరు లేకుండ వ్రాయబడలేదు.

ఇప్పుడు లెక్క ఎట్లు వ్రాయవలెనో చెప్పెదను. ఇది నేను వేదాంత పాఠశాలలో నేర్చినది కాదు. పైన చెప్పిన ఆ రైతు రెండవ కుమార్తె పెండ్లిలో ఆ పిల్లయు పెండ్లికుమారుడును వ్రాసిన లెక్క పుస్తకమునుండి నేర్చినది. వారి అనుమతితోనే, పేర్లు చెప్పకుండ వ్రాయుచున్నాను. అబ్బాయి మిరపకాయల కోల్డు స్టోరేజీలో పనిచేయును. అమ్మాయి కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టును.

వారు మొదట ఖర్చు వ్రాయలేదు, రాబడి వ్రాసిరి. అబ్బాయి దాచినది 70,000. అమ్మాయి కుట్టుపనిలో కూడబెట్టి పొదుపు సంఘములో వేసినది 32,000. అబ్బాయి తండ్రి 1,00,000 ఇత్తుననెను. అమ్మాయి తండ్రి 60,000 ఇత్తుననెను. అప్పుడు ఆ పిల్ల, "నాన్నా, ఇది కాయలమ్మిన డబ్బా, నోటు రాసిన డబ్బా?" అని అడిగెను. అతడు కాయలు అమ్మిన చీటీ తెచ్చి చూపెను. మొత్తము 2,62,000. ఇంతకు మించి లేదు అని ఆ పుట క్రింద గీత గీసి ఇద్దరు సంతకము చేసిరి. ఆ గీతయే అసలు పని. ఖర్చులు ముందు వ్రాసి, ఆ మొత్తమునకు రొక్కము వెదకబోవువారు అప్పులవాని గుమ్మమునే చేరుదురు.

తరువాత ఆ మొత్తములో మూడు భాగములు మొదటే తీసి ప్రక్కన పెట్టిరి. సంఘమునకు కృతజ్ఞతార్పణయు ఇతర చెల్లింపులును 6,000. అనుకోని ఖర్చులకు 26,000, అనగా పదియవ వంతు. కాపురము పెట్టుటకు, గ్యాసు పొయ్యి, మంచము, ఇంటి అద్దె అడ్వాన్సు, వీటికి 30,000. ఈ మూడవదానిని చూచి నేను సంతోషించితిని. మనవారు పెండ్లికి లక్షలు పోసి, పెండ్లియైన పదియవ దినమున బియ్యమునకు చేబదులు అడుగుట చూచుచున్నాము. క్రొత్తగా పెండ్లియైనవాడు ఒక సంవత్సరము యుద్ధమునకు పోక, ఇంటనుండి భార్యను సంతోషపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 24:5లో దేవుడు విధించెను. మన క్రొత్త పెండ్లికుమారులలో ఎందరో అప్పు తీర్చుటకై నెల తిరుగకముందే దూర దేశపు కూలిపనికి పోవుచున్నారు.

మిగిలినది 2,00,000. విందుకు 350 మంది, మనిషికి 200 చొప్పున 70,000. వంట మేస్త్రీకి, వడ్డించువారికి 15,000. షామియానా, కుర్చీలు, పాత్రల అద్దె 22,000. ఇద్దరి బట్టలకు 38,000. ఫొటోలకు 15,000. పెండ్లికుమారుని వారి బస్సులకు 12,000. పూలు, మైకు, గుడి అలంకరణకు 10,000. శుభలేఖలకు 4,000. తాళిబొట్టుకు, ఉంగరములకు అబ్బాయి తల్లి తన పాత గొలుసు కరిగించి ఇచ్చెను గనుక తరుగు, మజూరీ మాత్రమే 14,000 అయినవి. కూడి చూడుడి, సరిగా 2 లక్షలు. బంగారము ధర ఇప్పుడు మనవంటివారు తల ఎత్తి చూడలేనంత ఎత్తున నున్నది. ఇంటిలోనున్న పాత బంగారమును కరిగించి ప్రార్థనతో కట్టిన తాళి అప్పు బంగారము కంటె తక్కువది కాదు. కరిగించునప్పుడు కంసాలియొద్ద మీరే నిలువబడి, ముందు తూకము, తరువాత తూకము వ్రాసికొనుడి.

తారీఖును గూర్చి ఒక మాట. మనకు ముహూర్తములు లేవు. ఇది విశ్వాసమునకు సంబంధించిన సంగతియే గాని, డబ్బు మిగుల్చు సంగతి కూడ అని మనవారు గమనింపరు. మంచి ముహూర్తములున్న దినమున హాలు, షామియానా, బాజాలు, వంటవారు, పూలు, అన్నియు ఎక్కువ ధర. మూఢము వచ్చినప్పుడును, ఆషాఢమాసములోను అవే వస్తువులు, అదే మనుష్యులు పని లేక కూర్చుందురు. అప్పుడు అడిగినయెడల ధర తగ్గింతురు. ఆషాఢములో వాన వచ్చును గనుక షామియానాకు బదులు గుడి లోపలనే పంక్తులు వేసికొనవలసి రావచ్చును. శ్రమకాలములో పెండ్లిండ్లు చేయు వాడుక మన సంఘములలో లేదు గనుక ఆ దినములు విడిచిపెట్టుడి. కొందరు మనవారే చాటున పంచాంగము చూపించుకొని వచ్చి, "ఈ తారీఖే కావాలి అయ్యగారూ" అందురు. ముఖము చూడగానే నాకు తెలియును. వారు విశ్వాసమునకును సున్న చుట్టి, సంచికిని చిల్లు పెట్టుకొనుచున్నారు.

గడియను గూర్చి కూడ చూడుడి. 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము సాధారణముగా ఉదయము 6 గంటలు మొదలు సాయంకాలము 7 గంటలలోగా వివాహము జరుగవలెను. ఉదయము 10 గంటలకు ఆరాధన ముగించి, మధ్యాహ్నము భోజనము పెట్టినయెడల దీపాలంకరణ ఖర్చు లేదు, దూరమునుండి వచ్చినవారికి రాత్రి బస ఖర్చు లేదు.

విందులోనే ఎక్కువ రొక్కము పోవును గనుక అక్కడ కొంచెము నిలుతము. కానా విందులో ప్రభువే ఆరు రాతి బానల నిండ సమృద్ధిగా ఇచ్చెను గదా, మనము లెక్క చూడనేల అని కొందరు అడుగుదురు. ద్రాక్షారసము ఎందువలన అయిపోయెనో యోహాను వ్రాయలేదు, మనము ఊహింపరాదు. గాని తక్కువపడినదని తెలిసినప్పుడు ఆయన తల్లి ఎవరికి చెప్పెనో వ్రాసెను. అప్పిచ్చువాని యొద్దకు పోలేదు, అతిథుల ఎదుట గుసగుసలాడలేదు, ఆయనతో చెప్పెను. ఆయన ఆ ఇంటివారిని సిగ్గుపరచలేదు. విందు ప్రధానికి తెలియకుండ, పరిచారకులకు మాత్రము తెలియునట్లు కొరత తీర్చెను. ఆ బానలు నీళ్లతో నింపుటకు మోసినవారు ఆ పరిచారకులే. పెండ్లివారి కొరత తెలిసియు నోరు మూసికొని నీళ్లు మోయువారు సంఘములో ఎందరున్నారో మనము ఆలోచింపవలెను. "మాంసం ముక్కలు తగ్గాయి" అని ఇంటికి పోవు దారిలో చెప్పుకొనుచు పోవువారమైనయెడల, ఆ తండ్రిచేత అప్పు చేయించినవారిలో మనమును ఉన్నాము.

కిలో బియ్యము ఏడెనిమిది మందికి చాలునని మా ఊరి వంట మేస్త్రీ లెక్క. ఆ చొప్పున 350 మందికి 50 కిలోలు. ఆ పెండ్లిలో అన్నము, కోడికూర, పప్పుచారు, వంకాయకూర, గోంగూర పచ్చడి, పెరుగు, ఒక మిఠాయి పెట్టిరి. కూరగాయలు కోయుటకు స్త్రీల సమాజమువారు ముందురాత్రి వచ్చిరి. ఆ రాత్రి పాటలు పాడుచు కోసిన వంకాయలను గూర్చి ఇప్పటికిని చెప్పుకొందురు. మన సంఘములలో స్త్రీలు ప్రతి పూట వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టు వాడుక పూర్వమునుండి ఉన్నది. ఆ రీతిగానే పెండ్లీడు పిల్లలున్న ఇంట ప్రతి వారము కొంచెము తీసిపెట్టినయెడల, పెండ్లి నాటికి కొంత బరువు తగ్గును.

లెక్క పుస్తకము ఒక్కటే యుండవలెను. రెండు పుస్తకములున్నచోట రెండు మొత్తములుండును. ఎవరు ఖర్చుపెట్టినను ఆ రాత్రి అందులో వ్రాయవలెను. ఫోనులో పంపిన రొక్కమైనను, చేతికి ఇచ్చినదైనను వ్రాయవలెను. షామియానావానికి, ఫొటోలవానికి అడ్వాన్సు ఇచ్చినప్పుడు చీటీ వ్రాయించుకొనుడి. మా సంఘములోనే ఒక ఇంటివారు అడ్వాన్సు రెండుసార్లు ఇచ్చిరి, తండ్రి ఒకసారి, అన్న ఒకసారి. ఒక అంశములో ఎక్కువైనయెడల మరియొక అంశములో తగ్గింపవలెను. ఎందులో తగ్గించవలెనో ఆ ఇద్దరే నిర్ణయించుకొనవలెను. ఈ జంటకు ఈ విషయమున ఒక తగవు వచ్చెను. అబ్బాయి స్నేహితులు డ్రోను కెమెరా కావలెననిరి. దానికి మరి 10,000. అమ్మాయి ఒప్పుకొనలేదు. రెండు దినములు ఫోనులో మాటలు లేవు. మూడవ దినము అబ్బాయి వచ్చి, అనుకోని ఖర్చుల సొమ్ములోనుండి తీయవచ్చునా అని నన్ను అడిగెను. స్నేహితుల కోరిక అనుకోని ఖర్చు కాదని చెప్పితిని. డ్రోను లేకుండనే పెండ్లి జరిగెను. ఆ రెండు దినముల మౌనము నాకు చింత కలిగింపలేదు. పెండ్లికి ముందు డబ్బు విషయమై తగవుపడి సమాధానపడినవారు, తరువాతి తగవులకు భయపడరు.

చదివింపులను గూర్చి నేను ఖండితముగా చెప్పుచున్నాను. చదివింపులు ఎంత వచ్చునో ముందు అంచనా వేసి ఆ ధైర్యముతో అప్పు చేయకుడి. చదివింపులు రాబడి కాదు. మీ పుస్తకములో 500 వ్రాయించినవాని ఇంట పెండ్లి జరిగినప్పుడు మీరు 500కు తక్కువ వ్రాయింపలేరు. అది కూడ వడ్డీ లేని అప్పే. ఈ జంట చదివింపులు మైకులో చదివింపవద్దని కోరిరి. వందరూపాయలు ఇచ్చిన విధవరాలును వెయ్యి ఇచ్చిన దుకాణదారుడును ఒకే రీతిగా కవరు పెట్టెలో వేసి భోజనమునకు పోయిరి. ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండి చూచినది ఎవరి కాసులనో మనకు తెలియును. మైకు వద్దనుట కొందరు బంధువులకు కోపము తెప్పించెనని కూడ వ్రాయవలెను. ఒకాయన ఇప్పటికిని మాటలాడడు.

కట్నమును గూర్చి పొడుగుగా వ్రాయను. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము ప్రకారము కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములే. 5 సంవత్సరములకు తక్కువ కాని ఖైదు, 15,000 రూపాయలు లేక కట్నపు విలువ, ఏది ఎక్కువైతే అంతకు తక్కువ కాని జరిమానా ఆ చట్టములో నున్నవి. అడుగకుండ ప్రీతితో ఇచ్చిన బహుమానములకు పట్టిక వ్రాసి వధూవరులు సంతకము చేయవలెనని 1985వ సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. కానుకయని, మర్యాదయని, మోటారుసైకిలుకని పేరు మార్చినంత మాత్రమున అది మారదు. పుస్తకములో వ్రాయుటకు సిగ్గుపడు రొక్కమేదైనను ఇచ్చిపుచ్చుకొనుచున్నట్లు నాకు తెలిసినయెడల, నేను ప్రకటన చదువను. ఇది పెద్దల సభలో చెప్పియున్నాను.

ఆ పెండ్లి దినమున ఏమి జరిగెనో చెప్పెదను. 350 మందికి లెక్క వేయగా 410 మంది వచ్చిరి. అరువదిమందికి 12,000 ఎక్కువైనవి. బట్టలలో 4,000 ఎక్కువైనవి. పూలు తోటనుండి తెచ్చుకొన్నందున 3,000 మిగిలినవి. అన్నియు కలిపి 13,000 ఎక్కువ. అనుకోని ఖర్చులకు తీసిపెట్టిన 26,000లో సగము పోయి సగము మిగిలెను. నోటు వ్రాయలేదు.

పెద్ద కుమార్తె అప్పు సంగతి ఇంకను ముగియలేదు. నేనును ఇద్దరు పెద్దలును అప్పిచ్చిన సహోదరునియొద్దకు వెళ్లి నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము కలిసి చదివితిమి. పొలములు కుదువపెట్టిన తమ సహోదరులయొద్ద వడ్డీ తీసికొనుట మానుడని నెహెమ్యా ప్రధానులతో వాదించిన అధ్యాయము అది. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాతి వారము, వడ్డీమీద వడ్డీ విడిచిపెట్టుదునని, మిగిలినది ప్రతి యేట కాయలు అమ్మినప్పుడు కొంత కొంత తీసికొందునని చెప్పి పంపెను. రైతు ఈస్టరు పండుగకు గుడికి వచ్చెను. ఇద్దరును ఇంకను ఒక వరుసలో కూర్చుండరు. చాపలు మాత్రము మరల అతడే పరచుచున్నాడు.

ఈ కోతల తరువాత పెండ్లి తలపెట్టిన ఇంటివారు ప్రకటనల కాగితము కొరకు వచ్చునప్పుడు అబ్బాయిని, అమ్మాయిని వెంటబెట్టుకొని రండి. ఒక నోటు పుస్తకము, ఒక పెన్ను తెచ్చుకొనుడి. శనివారము సాయంకాలము నేను ఇంటనే యుందును.